ఫ్లాస్కు బరువు

ఫ్లాస్కు ఈరోజు బరువుగా ఉంది. పొద్దున నేనే డికాషను దించి, పాలు కలిపి, మూత బిగించి అమ్మ చేతికిచ్చినప్పుడు ఎంత బరువుందో, సాయంత్రం నాలుగింటికి అమ్మ మేడమెట్లు దిగి వచ్చి నా ఒళ్ళో పెట్టినప్పుడూ అంతే ఉంది. అంటే ఈరోజు అమ్మ తన గదిలోకి ఎవరినీ పిలవలేదు. "తాళంచెవి నా బ్యాగులోనే ఉండిపోయింది. బస్సెక్కి నేరుగా ఈడికే వచ్చేసినావా, మంచి పని చేసినావు. ఐదింటికి పోదాం. బెంగళూరు వాళ్ళు ఫోన్లో కాచుకోనుండారు, ఇది పట్టుకో," అని మళ్ళీ మెట్లెక్కి వెళ్ళిపోయింది. నేను గేటు పక్కన సెక్యూరిటీ గది గోడకు ఆనించి కట్టిన సిమెంటు బల్ల మీద కూర్చున్నాను. గోడ ఇంకా వేడిగా ఉంది. లోపల మిషన్లు ఎక్కడో దూరంగా వాన పడుతున్నట్టు ఆగకుండా మోగుతున్నాయి. బాగేపల్లి వైపు పోయే లారీలు, రోడ్డవతల ద్రాక్షతోట మీద కప్పిన వల, వల మీద ఎండుటాకులు. మేడ మీద అద్దాల కిటికీలో అమ్మ తల కనిపిస్తోంది. అమ్మ చెవికి ఫోను పెట్టుకుని అటూ ఇటూ నడుస్తోంది, ఊరికే తల ఊపుతోంది. ఐదింటిదాకా ఏమీ ఆలోచించకూడదనుకున్నాను, ముఖ్యంగా సోమవారం గురించి. సోమవారం ఈ ఫ్లాస్కు చాలదు. సోమవారానికి ఇంకో పెద్ద ఫ్లాస్కు కొన్నది అమ్మ. అది ఇంట్లో వంటగది అరలో, అట్టపెట్టెలోనే ఉంది.

అమ్మ ఈ గార్మెంట్సులో హెచ్.ఆర్. డైరెక్టరు. గది తలుపు మీద జలజా భార్గవ అని ఇత్తడి పలక. ఊళ్ళో అవ్వ ఎవరికైనా చెప్పాల్సి వస్తే, "మా కోడలు మనుషుల్ని చూసుకునే ఆఫీసరు," అంటుంది. "మనుషుల్ని చూసుకునేదానికి కూడా ఆఫీసరు కావల్లా అమ్మా?" అని పాలు పోసే మునికృష్ణప్ప ఒకసారి అడిగాడు. పన్నెండు వందల మంది కుట్టే చోట ఎవరు ఏ లైనులో కూర్చోవాలి, ఎవరికి సెలవు ఇవ్వాలి, ఎవరికి ఎవరితో పడదు, ఎవరికి నెలలు నిండుతున్నాయి, అన్నీ అమ్మకు తెలుసు. ఎవరు ఇంక రానక్కరలేదో చెప్పాల్సిందీ అమ్మే. బట్లహళ్ళిలో మా ఇంటి పెరటి గోడ మీద ఒక గాజు గ్లాసు ఎప్పుడూ బోర్లించి ఉండేది. పనికి వచ్చినవాళ్ళకు అవ్వ అందులోనే కాఫీ పోసేది, పైనుంచి, తగలకుండా. తాగినవాళ్ళు తామే కడిగి తామే మళ్ళీ గోడ మీద బోర్లించి పోవాలి. మదనపల్లె నుంచి కొత్తగా కాపురానికి వచ్చిన అమ్మ ఆ గ్లాసు గురించి అవ్వతో ఏమీ అనలేకపోయిందట. ఈ గది తనదయ్యాక మాత్రం, లోపలికి వచ్చి నిలబడిన ప్రతి మనిషినీ కూర్చోబెట్టి, ఇంటి ఫ్లాస్కులోంచి, తాను తాగే స్టీలు టంబ్లర్లోనే కాఫీ పోసి, తరవాతే మాట మొదలుపెట్టాలని నియమం పెట్టుకుంది. కానీ అమ్మ గదికి ఎవరూ ఊరికే రారు. పిలిస్తేనే వస్తారు. పిలిచేది చాలాసార్లు ఆ ఒక్క మాట చెప్పడానికే. ఏడాది తిరిగేసరికి కాఫీకీ ఆ మాటకూ ముడి పడిపోయింది. అమ్మకు ఆ సంగతి తెలుసు. అయినా మానలేదు. మానితే ఆ మాటను ఒట్టి చేతులతో చెప్పాలి.

నాకు మాత్రం తెలియదు. పోయిన ఆయుధపూజ రోజున అమ్మ నన్ను ఇక్కడికి తీసుకొచ్చింది. మిషన్లన్నిటికీ చామంతి దండలు, పసుపు కుంకుమలు, గుమ్మడికాయ పగలగొట్టిన ఎర్రటి మరకలు. పరికిణీ కట్టుకుని ఒక మూల నిలబడ్డాను. ఎవరితోనైనా ఏమైనా మాట్లాడమని అమ్మ కళ్ళతోనే చెబుతోంది. నాకు మాటలు రావు. పక్కన అక్షత అని, నాకంటే నాలుగేళ్ళు పెద్దదేమో, కాలర్లు కుట్టే అమ్మాయి, నా జడ చూసి నవ్వింది. నవ్వింది కదా అని, మాటకు బదులు ఏదైనా ఇద్దామని, బల్ల మీదున్న ఈ ఫ్లాస్కే తెరిచి ఒక టంబ్లరు కాఫీ పోసి చాపాను. ఆ అమ్మాయి టంబ్లరు వైపే చూసింది. చేతులు వెనక్కి పెట్టుకుని, "నేనేం చేసినానమ్మా," అంది. చుట్టూ ఉన్న ఆడవాళ్ళందరూ మాట ఆపేశారు. తరవాత ఎవరో కిసుక్కున నవ్వారు, అందరూ నవ్వారు, అక్షత కూడా కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. ఆ గుంపులోంచి, ఇక్కడే కుట్టుపని చేసే మా బట్లహళ్ళి మునక్క వచ్చి నా చేతిలో టంబ్లరు తీసుకుని మళ్ళీ ఫ్లాస్కులోకే వంచేసి, నా చెవిలో చెప్పింది. "మీయమ్మ కాఫీ అంటే ఏమనుకున్నావు పాపా? అది తాగినోళ్ళు మరుసటి దినం బస్సు ఎక్కరు. తప్పు కుట్టితే మా సూపర్‌వైజరు బెదిరించేదే అట్ల. ఏమే, మేడమ్ కాఫీ తాగల్లని ఉండాదా అంటాడు." ఆరోజు అమ్మ నవ్వలేదు. ఇంటికొచ్చాక ఫ్లాస్కు కడుగుతూ చాలాసేపు కొళాయి కట్టలేదు. అప్పటినుంచి నాకు ఒక అలవాటైపోయింది. సాయంత్రం అమ్మ రాగానే బ్యాగు అందుకుంటున్నట్టు ఫ్లాస్కు అందుకుంటాను. తేలిగ్గా ఉంటే ఆరోజు ఏమీ అడగను. బరువుగా ఉంటే కాలేజీలో జరిగింది ఏదో ఒకటి చెప్పడానికి ప్రయత్నిస్తాను. రెండు మాటలు చెప్పేసరికి అమ్మ ఫోను మోగుతుంది.

పదో తరగతి దాకా బట్లహళ్ళి సర్కారు ఇస్కూలు, అవ్వ దగ్గర. నాన్న మంగళూరులో, నెలకోసారి వస్తాడు. పీయూసీకి చిక్కబళ్ళాపురం వచ్చి అమ్మతో ఉంటే అమ్మ దగ్గరవుతుందనుకున్నాను. ఇద్దరం ఒకే ఇంట్లో ఉంటాం, అంతే. అమ్మ నన్ను, "ఈరోజు ఎట్ల గడిచింది?" అని అడిగి, చేతులు రెండూ బల్ల మీద పెట్టుకుని, నేను చెప్పేదాకా తొందరపెట్టకుండా కాచుకుని ఉంటుంది. అది తన గదిలో వాళ్ళకోసం నేర్చుకున్న పద్ధతి. నాకు అది చూస్తే నోరు ఇంకా మూసుకుపోతుంది. పన్నెండు వందల మంది పుట్టినరోజులు అమ్మ దగ్గర రాసి ఉంటాయి. ఆ రోజున ప్రతి ఒక్కరికీ ఒక చాక్లెట్టు, ఒక మాట పంపుతుంది. అమ్మ పుట్టినరోజున ఒక్క ఫోనూ రాలేదు. నాన్న మరిచిపోయాడు. నాకు గుర్తుంది కానీ చెప్పడానికి సిగ్గేసింది, డైరీలో రాసుకున్నాను. ఇక్కడ క్యాంటీనులో అమ్మ పళ్ళెం పట్టుకుని ఏ బల్ల దగ్గరికి పోతే ఆ బల్ల దగ్గర మాటలు ఆగిపోతాయట. అందుకని గదిలోనే తింటుంది, తలుపు తెరిచి పెట్టుకుని. ఎవరైనా వస్తారేమోనని తెరిచి పెడుతుందనుకుంటాను.

ఈ వారం మాత్రం వేరేగా ఉండింది. బుధ, గురు, శుక్ర, మూడు సాయంత్రాలు. నాలుగో లైను మూసేస్తున్నారు. సోమవారం ఇవ్వాల్సిన నలభై మూడు ఉత్తరాలు బెంగళూరు నుంచి కన్నడంలో అచ్చయి వచ్చాయి. పేరు, టోకెన్ నంబరు ఉండాల్సిన చోట మాత్రం ఖాళీ. అమ్మ చదివింది తెలుగు బడిలో, కన్నడం గడగడా మాట్లాడుతుంది కానీ రాయాలంటే చిన్నపిల్లలా వంకర టింకరగా వస్తుంది. ఆఫీసులో ఎవరికిచ్చినా సాయంత్రానికి ఆ మాట బస్సుల్లో ఉంటుంది. అమ్మకు ముందు ఈ పని చేసిన సునీల్‌కుమార్ సారు దగ్గర ఇలాగే మాట ముందే బయటికి పొక్కి, గేటు దగ్గర జనం చేరి, ఆ సాయంత్రమే ఆయన్ను పంపించేశారు. అందుకని అమ్మ నన్ను కూర్చోబెట్టింది. "నీ అక్షరాలు ముత్యాల మాదిరి ఉండాయి. నువ్వు రాయి. ఎవురికీ చెప్పకూడదు. రాసినావని నాకు కూడా గుర్తు చేయొద్దు," అంది. వంటింటి బల్ల దగ్గర ఇద్దరం ఒకే వైపు కూర్చున్నాం. అమ్మ పేరు చదువుతుంది, నేను రాస్తాను, అమ్మ చూసి కవర్లో పెడుతుంది. అమ్మ భుజం నా భుజానికి తగులుతూనే ఉంది. ఫోను పక్క గదిలో మోగినా అమ్మ లేవలేదు. శుక్రవారం ఎనిమిదయ్యేసరికి పని అయిపోయింది. ఇంకో నలభై మూడు ఉంటే బాగుండునని నాకనిపించింది. ఆ మాట నేను డైరీలో కూడా రాయలేదు. ఎందుకంటే గురువారం నాడు, స్మిత తరవాత, అమ్మ చదివిన పేరు మునివెంకటమ్మ, టోకెన్ ఇరవై రెండు పదిహేడు. మునక్క అసలు పేరూ అదే. నా చెయ్యి ఆగింది. "ఇంకు అయిపోయింది," అని ఇంకో పెన్ను తీసుకున్నాను. మా వైపు ప్రతి ఊళ్ళోనూ ఇద్దరు ముగ్గురు మునివెంకటమ్మలుంటారు. ఈ గార్మెంట్సులోనే నలుగురైదుగురు ఉంటారు. ఇది వేరే మునివెంకటమ్మ అయి ఉంటుంది అనుకుని రాసేశాను. ముత్యాల మాదిరి రాశాను.

ఈరోజు శనివారం, నాలుగున్నరకు సైరను. మిషన్ల వాన ఒక్కసారి ఆగిపోయింది. లోపలి నుంచి ఆడవాళ్ళు వరసగా వస్తున్నారు. జడల్లో, కొంగుల మీద, రెప్పల మీద కూడా దూదినూగు. పొద్దున ఇచ్చేసిన ఫోన్లు సెక్యూరిటీ గది దగ్గర తీసుకుంటున్నారు. నన్ను చూసి కొందరు గొంతు తగ్గించారు. మేడమ్ కూతురని తెలుసు. అవతల చింతామణి బస్సు, బాగేపల్లి బస్సు తలుపులు తెరుచుకుని నిలబడి ఉన్నాయి. నేను ఒళ్ళో ఫ్లాస్కు వైపే చూస్తూ కూర్చున్నాను. కళ్ళెత్తితే ఎవరి మొహం చూసినా కాగితం మీద పేరే కనిపిస్తుంది. ఎదురుగా రెండు పాదాలు వచ్చి ఆగాయి. వెండి మెట్టెలు, ఒక బొటనవేలికి సూది గుచ్చుకున్న పాత మచ్చ. చూడకుండానే తెలిసింది.

"ఏం పాపా, ఈడ కూసోనుండావే? మీయమ్మ ఇంకా పైనే ఉండాదా?"

తల ఊపాను.

"ఇంత పొడుగైనావు, నీ నోట్లో మాట మాత్రం ఇంకా పెరగలే," అని మునక్క నా పక్కనే కూర్చుంది. చీర మడతలు విదిలించింది. నూగు ఎండలో లేచి మళ్ళీ మా ఇద్దరి మీదా పడింది. వెనకనుంచి స్మిత, చేతిలో టిఫిను డబ్బా ఊపుకుంటూ, "మునక్కా, హెచ్చార్ మేడమ్ కూతురి పక్కన కూసుంటాండావు, జాగర్త. కాఫీ గీఫీ తాగిస్తాది," అంది. "పోవే, నీకే తాగిస్తాది, నీ జిప్పులన్నీ వంకరే," అంది మునక్క. స్మిత నాలుక బయట పెట్టి, నవ్వుకుంటూ బస్సు వైపు పరుగెత్తింది. స్మిత, ఇరవై రెండు పదమూడు. ఆ పేరు రాయడం తేలిక, రెండే అక్షరాలు.

మునక్క మెడలో గుర్తింపు కార్డు తిరగబడి ఉంది. తెల్లటి వీపు మాత్రమే కనిపిస్తోంది. తిప్పమని అడగాలి. ఎలా అడుగుతారు అలాంటిది? నాకు అడగడం ఎప్పుడు వచ్చింది? ఇస్కూల్లో మధ్యాహ్నం వేడి అన్నం పెట్టే బిసియూటానికి వరసలో కూర్చుంటే పిల్లలందరూ సాంబారు, సాంబారు అని అరిచేవాళ్ళు. మునక్క అప్పుడు అక్కడ వంట చేసేది. పెద్ద గరిటె పట్టుకుని వరస చివరికంటా వచ్చి, మళ్ళీ వెనక్కి నా దగ్గరికే వచ్చేది. నా పళ్ళెం చూసేది, నా మొహం చూసేది కాదు. "నోరుండే పిల్లోళ్ళు అడుగుతారు. నోరు లేనోళ్ళ తట్ట నేనే చూడాల," అని అడగకుండానే ఇంకో గరిటె పోసేది. అసలు నేను ఆ వరసలో కూర్చోకూడదు. ఇస్కూలు అన్నం ముట్టుకోవద్దని అవ్వ ఆన. పెరుగన్నం డబ్బా కట్టి పంపేది. నాకు ఆ వేడి అన్నం, ఆ గుంపు, ఆ అరుపులు కావాలి. మొదటి రోజు డబ్బా సంచిలో దాచి వరస చివర కూర్చున్నప్పుడు మునక్క గరిటె గాలిలో ఆపి నన్ను చూసింది. నేను ఏడవబోయాను. "మీయవ్వకు చెప్పనులే పాపా," అంది. అంతే. ఐదేళ్ళు తిన్నాను. సాయంత్రాలు మా పెరట్లోకి వచ్చి గాజు గ్లాసులో కాఫీ తాగి కడిగి బోర్లించి పోయేటప్పుడు, అవ్వ ఎదురుగానే నిలబడి ఉన్నా, మునక్క మొహంలో ఆ సంగతి ఒక్కసారి కూడా కనబడలేదు. ఐదేళ్ళు ఒక మనిషి నా గుట్టు మోసింది. మూడు రోజులుగా నేను ఆమె గుట్టు మోస్తున్నాను. ఆమెదో కాదో కార్డు తిరిగితే కానీ తెలియదు.

"రామచంద్రప్ప సారు జ్ఞాపకం ఉండాడా నీకు, మన ఇస్కూలు హెచ్చెమ్ము," అంటోంది మునక్క, ఫోను అరచేతిలో తిప్పుతూ. "వారం నుంచి ఒకటే ఫోన్లు. ఆడ వంట చేసే పెద్దామె పని మానుకోని నిల్చిపోయిందంట. నువ్వే రావల్లమ్మా, నిన్నే వంటోళ్ళకు పెద్దదాన్ని చేస్తా అంటాండాడు. ఈ పొద్దు ఐదింటికి మీటింగంట. అంతలోపల నా మాట చెప్పకుంటే ఇంగెవురినో పెట్టుకుంటారంట. ఐదు కాకముందే మళ్ళా ఫోన్ చేస్తానన్నాడు." నేను వింటున్నాను. "నేనేం పోదును చెప్పు. ఆ పొగ, ఆ బండరాళ్ళ మాదిరి గిన్నెలు. ఈడ ఆరేండ్లాయె. ఫ్యాన్ కింద కూసోని చేసే పని. పోయిన నెలే కొత్త మిషను ఇచ్చినారు నాకు. వద్దని చెప్పేస్తా అనుకుంటాండా." నా వైపు తిరిగి, నిజంగానే తెలుసుకోవాలన్నట్టు అడిగింది. "నువ్వేమంటావు పాపా? చదువుకున్నదానివి."

నా వైపు తిరిగినప్పుడు కార్డు కూడా తిరిగింది. ఇరవై రెండు పదిహేడు. రెండు రెండ్లు, ఒకటి, ఏడు. నా చేతిరాత కాదు, అచ్చు. ఫోటోలో మునక్క భయపడుతున్నట్టు ఉంది, ఫోటోల్లో అందరూ అలాగే ఉంటారు. గేటు పైన గడియారంలో ఐదుకు పన్నెండు నిమిషాలు. కిటికీలో అమ్మ ఇటు వీపు పెట్టి నిలబడింది. ఇంకా తల ఊపుతూనే ఉంది. చెబితే అమ్మ నమ్మి ఇచ్చిన ఒకే ఒక్క పని పాడుచేసినదాన్నవుతాను. మాట బస్సెక్కుతుంది, చింతామణి చేరేలోపు నలభై మూడు మందికీ తెలుస్తుంది, సోమవారం పొద్దునకు గేటు దగ్గర జనం, సునీల్‌కుమార్ సారు లాగే అమ్మ. ఇత్తడి పలక తీసేస్తారు. చెప్పకపోతే మునక్క ఫోనెత్తి వద్దంటుంది. సోమవారం పదింటికి అమ్మ గదిలో కూర్చుంటుంది. అమ్మ కొత్త ఫ్లాస్కు తెరుస్తుంది. ఆ కాఫీ నేనే కలుపుతాను, ఆదివారం డికాషను దించి పెట్టి, సోమవారం పొద్దున పాలు కాచి, మునక్కకు ఎంత చక్కెర ఇష్టమో నాకు తెలుసు, అవ్వ ఎప్పుడూ తక్కువ వేసేది. చెప్పాలి. నోరు తెరిచాను. గాలే వచ్చింది. "అక్కా" అన్నానేమో, అనుకున్నానేమో, లారీ పోయింది. మునక్క, "ఏమంటివి?" అని చెవి దగ్గర పెట్టింది, దూదినూగు నా పెదవికి అంటుకుంది. ఏ మాటతో మొదలుపెడతారు? అమ్మ అంత చదివి, అంత పద్ధతి నేర్చుకుని, ఆ మాటను ఒట్టి చేతులతో చెప్పలేకపోయింది.

నా చేతులే ముందు కదిలాయి. ఫ్లాస్కు మూత తిప్పాను. ఆవిరి కొంచెమే వచ్చింది. మూతలో పెట్టిన స్టీలు టంబ్లరు తీసి, నిండా పోసి, రెండు చేతులతో పట్టుకుని మునక్క ముందుకు చాపాను.

ఆమె మొదట నవ్వబోయింది. "ఏంది పాపా, ఆయుధపూజ మళ్ళా చేస్తాండావా," అంది. నేను చేతులు వెనక్కి తీసుకోలేదు. నిండిన టంబ్లరు అంచునుంచి ఒక చుక్క నా వేలి మీదుగా జారింది. మునక్క దాన్ని చూసింది. ఫ్లాస్కును చూసింది. తరవాత నా మొహం చూడలేదు, ఎప్పుడూ చూడదు, నా చేతులు చూసింది. వెనక బస్సులో ఎవరో పాట పెట్టారు, ఎవరో కట్టేయమన్నారు.

"మీయమ్మ ఇమ్మనిందా?"

కాదన్నట్టు తల ఊపాను.

"సోమవారమా?"

నేల చూశాను.

"నేనొక్కదాన్నేనా?"

నా కళ్ళు నా మాట వినలేదు. చింతామణి బస్సు వైపు పోయాయి. కిటికీ పక్కన స్మిత తల దువ్వుకుంటోంది. మునక్క చూపు నా చూపు వెంటే పోయి, కిటికీలన్నిటి మీదుగా వెళ్ళి, తిరిగి వచ్చింది. బస్సుకు వీపు పెట్టి కూర్చుంది. టంబ్లరు అందుకుంది. అవ్వ ఇంట్లో తాగినట్టు ఎత్తి పోసుకుందామని తల వెనక్కి వంచబోయి, ఆగి, అంచు పెదవికి ఆనించి నిదానంగా, మొత్తం తాగింది. "చక్కెర సరిగ్గా ఉండాది," అంది. ఇంకా ఏదో అనబోయి, "మీయమ్మకు చెప్పనులే పాపా," అంది. అదే గొంతు. గరిటె గాలిలో ఆపిన రోజు గొంతు.

ఫోను మోగింది. మునక్క లేచి నిలబడింది. చెంగు నోటికి అడ్డం పెట్టుకుని కన్నడంలో మాట్లాడింది, హెడ్‌మాస్టర్లతో, ఆఫీసర్లతో కన్నడంలోనే మాట్లాడాలి. "నమస్కార సార్. ఆయ్తు సార్, బర్తీని." వస్తానని చెప్పింది. అవతల ఎప్పటినుంచని అడిగారు కాబోలు. మునక్క మేడ మీది కిటికీ వైపు చూసి, "సోమవారదిందానే," అంది. ఫోను రవికలో దోపుకుని, అలవాటుగా, టంబ్లరు పట్టుకుని సెక్యూరిటీ గది పక్కన కొళాయి వైపు రెండడుగులు వేసింది కడగడానికి. నేను లేచి పరుగెత్తి ఆమె చేతిలోంచి లాక్కున్నాను. నేను అంత గట్టిగా ఎవరి చేతిలోంచీ ఏదీ లాక్కోలేదు. ఆమె ఒక్క క్షణం నన్ను చూసింది, ఈసారి మొహమే చూసింది, నా జడ మీద నూగు దులిపి బస్సెక్కింది. స్మిత పక్కన చోటుంది, అక్కడే కూర్చుంది. స్మిత ఏదో చెబుతోంది, మునక్క నవ్వుతోంది. చింతామణి దాకా గంట పైనే ప్రయాణం. ఆ గంటంతా అలా నవ్వుతూ కూర్చోవాలి ఆమె, ఆ పేర్లున్నవాళ్ళ మధ్య నోరు మూసుకుని. నేను మోయలేక దించుకున్న బరువు ఆమె ఒళ్ళో పెట్టాను. మిగతా నలభై రెండు మందికి ఎవరూ ఏదీ ఇవ్వలేదు. వాళ్ళ ఊళ్ళలో ఏ ఫోన్లు మోగుతున్నాయో, ఎవరెవరికి వాళ్ళు వద్దని చెబుతున్నారో నాకు తెలియదు. బస్సు కదిలింది. మట్టి లేచింది, మట్టి తగ్గింది.

అమ్మ ఐదూ పదికి దిగింది. ఒక చేత్తో కారు తాళం, ఇంకో చెయ్యి నా ఒళ్ళోకి. ఫ్లాస్కు ఎత్తింది. ఎత్తగానే ఆగింది. ఆ బరువు నాకొక్కదానికే తెలుసనుకున్నాను ఇన్నాళ్ళూ. ఫ్లాస్కు నాకే ఇచ్చి, కారు తలుపు తీసింది. గేటు దాటాక, ద్రాక్షతోట దాటాక, కారు పక్కకు తీసి ఆపింది. ఇంజను ఆపలేదు.

"ఎవరు తాగినారు?"

నేను రోడ్డు వైపు చూశాను.

"నేనడిగితే ఎవురూ నోరు తెరవరు. నువ్వూ అంతేనా." కోపంగా అనలేదు. "మునివెంకటమ్మేనా," అంది. "ఆ పేరు దగ్గర నువ్వు పెన్ను మార్చినావు. ఇంకు ఉన్నింది దాంట్లో. నేను చూసినా."

"ఎవరికీ చెప్పదు," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. "మునక్క చెప్పదు."

"చెప్పకపోవచ్చు." అమ్మ రెండు చేతులూ స్టీరింగు మీద పెట్టుకుంది, తన బల్ల మీద పెట్టుకున్నట్టు. "సునీల్‌కుమార్ కూడా ఒక్కరికే చెప్పినాడు." ఒక లారీ పోయింది, కారు ఊగింది. "ఇంక నీకు రాసే పని ఇయ్యను."

వంటింటి బల్ల, ఒకే వైపు రెండు కుర్చీలు, నా భుజం. సరేనన్నట్టు తల ఊపాను. ఎదురుగా నంది కొండ మీద మబ్బు దిగుతోంది. అమ్మ కారు కదిలించలేదు, నన్ను చూడలేదు, ఫోను కూడా చూడలేదు. ఇదే కారులో ఇదే సీట్లో రోజూ ఒంటరిగా కూర్చుని ఇంటికి వస్తుంది కదా అనిపించింది. ఈ ఫ్లాస్కులో ఎప్పుడూ అమ్మకోసం ఎవరూ కాఫీ కలపలేదు. నేను పొద్దున్నే కలిపేది కూడా వాళ్ళకే. మూత తిప్పాను. లోపల ఇంకా సగం పైనే ఉంది. మునక్క తాగిన టంబ్లర్లోనే, కడగకుండానే, పోశాను. అమ్మ ముందుకు చాపాను.

అమ్మ దాన్ని చూసింది. ఆయుధపూజ రోజు అక్షత చూసినట్టే చూసింది. చేతులు స్టీరింగు మీదినుంచి వెంటనే లేవలేదు. నేను చెయ్యి దించలేదు.

"చల్లారిపోయి ఉంటాది," అంది అమ్మ. అందుకుని తాగింది.